క్రీము బొమ్మ రెడ్డెమ్మ

రెడ్డెమ్మ గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. కువైట్ మీద ఇరాక్ పడ్డ సంవత్సరం గురించి చాలామంది చాలా రాశారు. వాటిలో ట్యాంకులున్నాయి, తగలబడ్డ నూనె బావులున్నాయి, ఎడారిలో వేసిన గుడారాలున్నాయి. తన ముఖం తనదేనని చూపించుకోలేక ఒక పనిమనిషి ఊళ్లోంచి కదల్లేకపోయిన సంగతి మాత్రం నాకెక్కడా కనిపించలేదు. అందులో మా ఇంటి చేయి ఉంది కాబట్టి, ఎవరో ఒకరు రాస్తారులే అని ఊరుకోలేను.

మాది కోనసీమలో ముమ్మిడివరం దగ్గర. నా పేరు గంగారత్నం. మా ఆయన కుక్కుటేశ్వరరావుది పిఠాపురం. ఆయన 1979 నుంచీ కువైట్‌లోని హవల్లీలో ఒక ఫొటో స్టూడియోలో టచింగ్ పని చేసేవాడు. స్టూడియో పైనే మా ఫ్లాటు. పెళ్లిళ్లకీ పుట్టినరోజులకీ ఫొటో దిగడానికి వచ్చే ఆడవాళ్లకి జడలు వేసి, పౌడరు అద్ది పంపడం నా పని. కాబట్టి నేనేదో గట్టున నిలబడి చూసినదాన్ని కాదు.

టచింగ్ అంటే ఈ కాలం పిల్లలకి తెలియదు. అప్పట్లో ఫొటో తీస్తే ఫిల్ము మీద బొమ్మ తిరగబడి పడేది, నలుపు తెలుపుగా, తెలుపు నలుపుగా. ఆ ఫిల్మును వెలుతురు పలక మీద పెట్టి, భూతద్దంలోంచి చూస్తూ, సన్నగా చెక్కిన పెన్సిలుతో గీతలు పెడితే, గీత పడ్డచోట కాగితం మీద తెల్లగా వచ్చేది. మొటిమ పోయేది, ముడత పోయేది. మనిషి మొత్తం తెల్లబడాలంటే ఎర్ర రంగు నీళ్లు కుంచెతో పూసేవారు. ఎక్కడైనా నల్లబడాలంటే చిన్న కత్తితో గీకేవారు. పదకొండేళ్లలో మా ఆయన బల్ల మీంచి ఏ ఆడమనిషి ఫొటో కూడా టచింగ్ లేకుండా బయటికి పోలేదు. అది ఆయన గర్వం. మగవాళ్లవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇచ్చేవాడు. అదేంటండీ అని ఒకసారి అడిగితే, మగాడి మొహానికి ఏం పోయింది అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. అప్పట్లో నాకూ అది తమాషాగానే ఉండేది.

రెడ్డెమ్మది రాయచోటి అవతల ఓ పల్లె. తండ్రికి గొర్రెలుండేవి. పెళ్లయి ఇద్దరు పిల్లలు పుట్టాక, వానలు లేక గొర్రెల్ని తెగనమ్ముకున్న ఏడాది, 1985లో, ఖద్దామా వీసా మీద కువైట్ వచ్చింది. అంటే ఇంటిపనికి. మిష్రిఫ్‌లో మూడంతస్తుల ఇల్లు, ఆరుగురు పిల్లలు, వచ్చేపోయే చుట్టాలు. ఆ ఇంటావిడని అందరిలాగే మామా అని పిలిచేది. మామా చెడ్డది కాదు, నెలకో శుక్రవారం బయటికి పంపేది. ఆ రోజు రెడ్డెమ్మ బస్సెక్కి హవల్లీ వచ్చి, నాచేత ఇంటికి ఉత్తరం రాయించుకుని, మా ఇంట్లో చారన్నం తిని పోయేది. ఆమె నవ్వితే కింద స్టూడియోలో ఉన్నవాళ్లు తలెత్తి చూసేవారు. ఒంటి రంగు మాట వస్తే, "మా ఊర్లో అందరం ఇంతే గదక్కా. నల్లగా ఉండామని నాకు ఈడికొచ్చినాకనే తెలిసింది" అనేది. మొదట్లో ఈ మాట నవ్వుతూనే చెప్పేది.

1989 చలికాలంలో ఒక శుక్రవారం ఆమె వచ్చేసరికి కింద ఒక క్రీము ఏజెంటు కూర్చుని ఉన్నాడు. ముఖం తెల్లబడే క్రీము అది. వాళ్ల కంపెనీ ఒక ప్రకటన పంపింది. అందులో పాలుగారే పిల్లనే ముందు మసి పూసి నల్లగా, తర్వాత మసి కడిగి తెల్లగా చూపించారు. మసి అని గుడ్డివాడికి కూడా తెలుస్తోంది. అందుకని ఏజెంటుకి నిజంగా నల్లగా ఉన్న ఆడమనిషి కావాలి. ఆమెవే రెండు ఫొటోలు, ఒకటి క్రీము వాడకముందుది, ఒకటి వాడిన తర్వాతది. మెట్లెక్కుతున్న రెడ్డెమ్మని చూశాడు, దొరికింది అన్నాడు.

ఆమె ఒప్పుకుంది. ఫొటో అంటే ఎవరికి సరదా ఉండదు? మొదటి బొమ్మకి బొట్టు తీసేయమన్నాడు, జుట్టు విరబోయమన్నాడు, ముఖానికి నూనె రాయమన్నాడు. నేనే రాశాను. దీపం కిందినుంచి పెట్టించాడు. నవ్వొద్దని మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది, ఎందుకంటే ఆమెకి నవ్వు ఆగలేదు. రెండో బొమ్మకి నా గులాబీరంగు పట్టుచీర కట్టాం, జడలో ప్లాస్టిక్ మల్లెలు పెట్టాం, పళ్లు కనబడేలా నవ్వమన్నాడు. నల్లగా ఉన్నది నవ్వకూడదని, తెల్లబడ్డదే నవ్వాలని ఆ ఏజెంటు ఎక్కడ నేర్చుకున్నాడో తెలియదు. ఎందుకలాగ అని మేం ముగ్గురిలో ఒక్కరమూ అడగలేదు.

తర్వాత మా ఆయన నాలుగు రోజులు తలవంచుకుని కూర్చున్నాడు. మొదటి బొమ్మలో రెడ్డెమ్మని ఉన్నదానికంటే బాగా నల్లబరిచాడు, కళ్ల కింద గుంతలు కూడా కల్పించాడు. రెండో బొమ్మలో ఎర్ర రంగు పూసి, పెన్సిలు పట్టి, ముక్కు సన్నం చేసి, ఆమెని సినిమా మనిషిని చేశాడు. ఏజెంటు ఆయన భుజం తట్టాడు. రెండిట్లో ఏదీ రెడ్డెమ్మ కాదు. ఆమె రంగు ఆ రెండిటి మధ్య ఎక్కడో మిగిలిపోయింది, దానికి ఫొటో లేదు.

ఆ బొమ్మలు హవల్లీ దుకాణాల అద్దాల మీదికి ఎక్కాయి. అంతటితో ఆగితే బాగుండేది. అప్పట్లో అద్దెకి తెచ్చుకునే సినిమా కేసెట్లలో, కథ మంచి పట్టులో ఉండగా ప్రకటనలు వచ్చి పడేవి. వాటిలోనూ వేశారు. హీరోయిన్ ఏడుస్తుంటే తెర ఆగిపోయి, నల్ల రెడ్డెమ్మ, తెల్ల రెడ్డెమ్మ పక్కపక్కన వచ్చేవారు. కువైట్‌లో ఉన్న తెలుగువాళ్లలో ఆమెని చూడనివాళ్లు లేరు. పనిపిల్లలు ఆమెకి క్రీము రెడ్డెమ్మ అని పేరు పెట్టారు. ఫొటోలు దిగినందుకు ఏజెంటు ఇచ్చింది ఒక అట్టపెట్టెడు క్రీము గొట్టాలు.

నాకు ఇప్పటికీ మింగుడుపడని సంగతి ఇక్కడే ఉంది. పెట్టెడు క్రీమునీ ఆమె ముఖానికి రాసుకోవడం మొదలుపెట్టింది. ఆ తెలుపు పెన్సిలుదని ఆమెకి తెలుసు. మా ఆయన పక్కన కూర్చుని కళ్లారా చూసింది. ఊళ్లోవాళ్లు మోసపోయారంటే సరే, నీకేం పోయేకాలం అని నేను కసిరాను.

"తెలుసక్కా. ఆ బొమ్మలో మొగం నాదే గదా. నాకు రాకూడనిది అయితే నా మొగం మీద ఎట్ల కూర్చున్యాది?" అంది రెడ్డెమ్మ.

 నాకు కోపం వచ్చింది. ఆమె మీద, ఆ ఏజెంటు మీద, ఆ నాలుగు రోజులూ వేళకి కాఫీ అందించిన నా మీద. రెండు నెలలు నిజంగానే ముఖం కాస్త తేటపడింది. మూడో నెల మంట మొదలైంది. వేసవి వచ్చేసరికి ఎడమ చెంప మీద అరచేయంత మేర చర్మం ఊడి, నల్లగా గట్టిపడి, చుట్టూ తెల్లటి అంచు కట్టింది. ఏజెంటు దగ్గరికి తీసుకెళ్తే, సరిగ్గా రాసుకోలేదు, ఎండలోకి వెళ్లి ఉంటుంది అన్నాడు. మామా డాక్టరుకి చూపించింది. చుట్టాలొచ్చినప్పుడు మాత్రం వంటగదిలోంచి బయటికి రావద్దంది. శుక్రవారాలు రెడ్డెమ్మ స్కార్ఫు చెంపల మీదికి లాక్కుని వచ్చేది. నవ్వు తగ్గింది. బొమ్మ మాత్రం కేసెట్లలో తిరుగుతూనే ఉంది, ఇంకా నవ్వుతూనే ఉంది.

1990 ఆగస్టు నెలాఖరుకి ఆమె ఇంటికి వెళ్లాలి. ఐదేళ్లకి మొదటి సెలవు. కొడుక్కి పదో ఏడు, కూతురికి ఏడు. మామా వాళ్లు వేసవికని విదేశం వెళ్తూ, మేం వచ్చాక నువ్వు వెళ్లు అని చెప్పి, ఇల్లు అప్పజెప్పి వెళ్లారు. ఆగస్టు రెండు, గురువారం, తెల్లారి లేచేసరికి వీధుల్లో ఇరాక్ సైనికులున్నారు. వారం తిరక్కుండా మిష్రిఫ్‌లో ఇళ్లన్నీ వాళ్ల చేతికి పోయాయి. రెడ్డెమ్మ ఉన్న ఇంట్లోంచి టీవీలు, ఏసీలు, ఆఖరికి పిల్లల సైకిళ్లు కూడా లారీకెక్కించారు. యజమాని ఇనప్పెట్టె తెరవడం రాక, దాన్ని అలాగే మోసుకుపోయారు. ఆమె పాస్‌పోర్టు, అందులో కొట్టిన ఇఖామాతో, అంటే అక్కడ ఉండటానికిచ్చే అనుమతితో సహా, ఆ ఇనప్పెట్టెలో ఉంది. పక్కింటి డ్రైవరు సగం దూరం తెచ్చి దింపితే, మిగతా దూరం ఎండలో నడిచి మా గుమ్మంలోకి వచ్చి కూలబడింది. ఏడవలేదు. పాస్‌పోర్టు పోయిందక్కా, నేను పిల్లకాయల కాడికి ఎట్ల పోవాల, అని ఒక్కటే మాట అడుగుతూ ఉంది.

సెప్టెంబరుకి మనవాళ్లని పంపించే ఏర్పాటు మొదలైంది. ఒక స్కూలు వరండాలో బల్లలు వేసి పేర్లు రాసుకునేవారు. అక్కణ్నుంచి బస్సుల్లో బస్రా, బాగ్దాదు మీదుగా జోర్డాన్, అక్కణ్నుంచి విమానం. పాస్‌పోర్టు లేనివాళ్లకి ఫొటో అంటించిన కాగితం ఒకటి ఇస్తారు, దానిమీదే ఇండియా వరకూ వెళ్లాలి. మా ఇద్దరికీ పాస్‌పోర్టులున్నాయి. ముగ్గురికీ ఒకే బస్సులో, మంగళవారానికి పేర్లు పడ్డాయి. రెడ్డెమ్మకి కావలసింది ఫొటో ఒక్కటే. ఫొటోగ్రాఫరు ఇంట్లో ఉన్న మనిషికి ఫొటో ఒక లెక్కా అనుకున్నాం.

కింద స్టూడియోలో ఏమీ మిగల్లేదు. సైనికులు పెద్ద కెమెరా, దీపాలు పట్టుకుపోయారు. ఫిల్ము డబ్బాల్లో ఏముందో అని వెలుతురులో విప్పి చూసి పారేశారు. మా ఆయన ముందే ఇంటికి తెచ్చి దాచుకున్నది తన పెన్సిళ్ల పెట్టె, కొన్ని మందు సీసాలు, కాస్త ఫొటో కాగితం, తనకి ముద్దైన నెగటివులు. వాటిలో క్రీము బొమ్మలు రెండూ ఉన్నాయి. కొత్త ఫొటో ఎందుకు, ఇవి ఉన్నాయిగా అన్నాడు. స్నానాల గది కిటికీకి దుప్పటి కట్టి, నెగటివుని కాగితం మీద ఆనించి, రెండూ అచ్చు తీసి ఇచ్చాడు. నాకు కూడా తప్పు తోచలేదు. కంటి ముందు మనిషి ఉంది, చేతిలో ఆమె ఫొటో ఉంది.

స్కూల్లో బల్ల దగ్గర కూర్చున్నది సత్యప్రసాద్ గారని కాకినాడ ఆయన. ఒక కంపెనీలో స్టోర్ కీపరు, ఊరికే సాయానికి వచ్చి పొద్దుటినుంచి సాయంత్రం దాకా రాస్తూ ఉండేవాడు. రెడ్డెమ్మ తెల్ల బొమ్మ ఇచ్చింది. ఆయన చూసి, విసుగ్గా తలెత్తాడు.

"ఇది కేసెట్లో క్రీము ఆవిడది కదమ్మా. మీ ఫొటో తెచ్చుకోండి" అన్నాడు.

ఆమె నేనే సార్ అంది. వెనక వరసలో ఎవరో నవ్వారు. ఇంకెవరో, క్రీము సరిగ్గా పనిచెయ్యలేదేమో అన్నారు. అంత ఎండలో, అంత భయంలో, పిల్లల్ని చంకనేసుకుని నుంచున్న జనానికి కూడా ఒక ఆడదాని ముఖం మీద నవ్వడానికి ఓపిక ఉంది. నేను వెనక్కి తిరిగి నాలుగు మాటలు అన్నాను. అవి ఇక్కడ రాయను. రెడ్డెమ్మ నల్ల బొమ్మ తీసి ఇచ్చింది. సత్యప్రసాద్ గారు స్కార్ఫు తీయమని, రెండు బొమ్మల్నీ ఆమె చెంప పక్కన పెట్టి చూశాడు. రంగు కలవలేదు, మచ్చ లేదు, తెల్ల బొమ్మలో ముక్కు కూడా వేరే. రెండూ మీరు కాదమ్మా అన్నాడు. దారిలో చెకింగ్ ఎన్నిచోట్లో తనకే తెలియదని, కాగితం వేరేవాళ్లదని అనుమానం వస్తే బస్సు బస్సంతా దింపేస్తారని, తన చేతుల్లో లేదని నెమ్మదిగానే చెప్పాడు. ఆయన తప్పు ఏమీ లేదు. మంగళవారం బస్సు మేం లేకుండా వెళ్లింది.

మనిద్దరం వెళ్లిపోదాం, కొత్త ఫొటో దొరికాక ఆమె వస్తుంది అని మా ఆయన ఒకసారి అన్నాడు. మీరు చేసిన బొమ్మ వల్ల ఆగిపోయిన మనిషిని ఎవరికి అప్పజెప్పి వెళ్తారు అని అడిగాను. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. హవల్లీ అంతా తిరిగాడు. ఒకరి దగ్గర కెమెరా ఉంటే ఫిల్ము లేదు, ఫిల్ము ఉన్నవాళ్లు తలుపు తీయలేదు. పదిరోజులు గడిచాయి. రొట్టెల దుకాణం ముందు క్యూలో నిలబడటం, తిరిగి రావడం, కిటికీలోంచి చూడటం. రెడ్డెమ్మ ఇల్లు తుడిచిందే తుడిచేది. చివరికి ఆయనకి గుర్తొచ్చింది. ఆగస్టు ఒకటిన ఒక పాలస్తీనా వాళ్ల ఇంట్లో పుట్టినరోజు ఫొటోలు తీసిన చిన్న కెమెరా మా బట్టల బీరువాలో అలాగే ఉంది. పన్నెండు ఫొటోల రోలులో పది అయ్యాయి, రెండు మిగిలాయి.

కిటికీ వెలుతురులో స్టూలు మీద కూర్చోబెట్టి ఒకటి తీశాడు. ఇంకొకటి మిగిలి ఉంది కాబట్టి రోలు మొత్తం తియ్యకుండా, దుప్పటి కింద తడుముకుంటూ ఆ ముక్క వరకే కత్తిరించి కడిగాడు. ఫిల్ము ఆరాక, మీరు పడుకోండి, తెల్లారేసరికి అచ్చు చేతికిస్తాను అన్నాడు. ఆ మాటకి రెడ్డెమ్మ చాలా రోజుల తర్వాత నవ్వింది.

తెల్లారి అచ్చు చూస్తే, ముఖం ఆమెదే, రంగు ఆమెదే, చెంప మాత్రం నున్నగా ఉంది. మచ్చ లేదు.

ఏం చేశారండీ అని గుచ్చి గుచ్చి అడగ్గా చెప్పాడు. చెడగొట్టాలని కాదట. పెన్సిలు తీసి పక్కన పెట్టుకుని ఊరికే చూద్దామనుకున్నాడట. ఆడకూతురు మచ్చతో ఇంటికి ఎలా వెళ్తుంది, పిల్లలు ఏమనుకుంటారు అనిపించిందట, చేయి ఊరుకోలేదట. పెన్సిలు గీతలైతే తుడిచేయొచ్చు. మచ్చ చుట్టూ ఉన్న తెల్ల అంచుని కత్తితో గీకేశాడు. ఫిల్ము మీద గీకింది మళ్లీ రాదు. ఉన్న రెండింటిలో ఒకటి అలా పోయింది. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో ఆయన్ని నేను అంత గట్టిగా తిట్టింది లేదు. జాలిపడి ఒక మనిషిని యుద్ధంలో ఉంచేస్తారా అన్నాను. ఈ చెయ్యి మీది కాదు, ఆ ఏజెంటుది అన్నాను. ఆయన తలవంచుకుని కూర్చున్నాడు. నాకు జాలి వేయలేదు.

రెడ్డెమ్మ అరవలేదు. అచ్చు బల్ల మీద పెట్టి, ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది.

"అన్నా, నన్ను అందంగా చేయొద్దు. ముందొకసారి నల్లగా చేసినావు, ఒకసారి తెల్లగా చేసినావు, ఇప్పుడు మచ్చ తీసినావు. నాకు నా బిడ్డల కాడికి పోవాల. వాళ్ల కాడికి పోయేది ఈ మొగమే గదన్నా, వేరే యాడిది?" అంది.

పన్నెండో ఫొటో ఆ పొద్దున్నే తీశాడు. ఈసారి కడుగుతున్నంతసేపూ ఆమె స్నానాల గది తలుపు దగ్గరే నుంచుంది. ఫిల్ము ఆరుతుంటే, పెన్సిళ్ల పెట్టె, కత్తి తన ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆయన ఆ వైపు చూడకుండా అచ్చు తీశాడు.  తడి కాగితం మీద చెంప, మచ్చ, తెల్ల అంచు, నిద్రలేని కళ్లు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు వచ్చాయి. ఇన్నేళ్ల సర్వీసులో ఇంత మొరటు ఫొటో ఇవ్వలేదు అన్నాడు. ఇవ్వండి అన్నాను.

సత్యప్రసాద్ గారు ఫొటో చూసి, ముఖం చూసి, సరిగ్గా ఉందన్నాడు. సాయంత్రం బస్సుకి మూడు సీట్లున్నాయి. గబగబా కాగితం నింపడం మొదలుపెట్టాడు. పేరు, తండ్రి పేరు, ఊరు, ఎత్తు. చివర గుర్తింపు మచ్చలు అని ఒక గడి ఉంటుంది. ఆయన రాసింది చదివి వినిపించమని రెడ్డెమ్మ అడిగింది. ఎడమ చెంప మీద కాలిన మచ్చ అని చదివాడు.

కాలిన మచ్చ కాదు సార్ అంది ఆమె.

ఆయన అర్థం కాక చూశాడు. పనిమనిషి చెంప మీద మచ్చ ఉంటే ఎవరైనా పొయ్యి అనుకుంటారు, లేకపోతే యజమానురాలు పెట్టిన వాత అనుకుంటారు. ఏదైనా ఒకటే కదమ్మా, మచ్చ ఉన్నట్టు తెలిస్తే చాలు, ఎవరూ చదవరు అన్నాడు. కొట్టేసి రాస్తే దిద్దుబాటు చూసి సైనికులు ఆపుతారని, కొత్త కాగితం ఇద్దామంటే తన దగ్గర నాలుగే ఉన్నాయని, వెనక ఇంకా నలుగురు ఉన్నారని చెప్పాడు. వెనకనుంచి కేకలు మొదలయ్యాయి. యల్లా, యల్లా, త్వరగా కానివ్వండి అంటున్నారు. ఊరుకో రెడ్డెమ్మా, బస్సు పోతుంది అని నేను కూడా ఆమె చేయి పట్టుకున్నాను. పిల్లల కోసం అంత తపించిన మనిషి ఒక మాట కోసం నిలబడిపోతే నాకు విసుగొచ్చింది. నిజం చెప్పాలి కదా, విసుగొచ్చింది.

"మామా నన్ను కాల్చలేదు సార్. పొయ్యి కాల్చలేదు. నేను కొని తెచ్చుకునింది కూడా కాదు, ఇచ్చినారు, పూసుకున్యా. అట్లనే రాయండి" అంది.

అప్పుడు మా ఆయన ముందుకొచ్చాడు. అంత మంది ముందు, చేతులు కట్టుకుని, ఆ క్రీము బొమ్మ చేసింది నేనేనండి, ఆవిడ చెప్పినట్టు రాయండి అన్నాడు. మొదటిసారి వరసలో నవ్వినవాళ్లలో ఎవరైనా అక్కడున్నారో లేదో తెలియదు, ఎవరూ నవ్వలేదు. వెనకున్న నలుగురిలో ఒకామె, మా పిల్లలిద్దరికీ కలిపి ఒకటే కాగితం చాలుతుందేమో చూడండి, మాకు ఒకటి తగ్గించి ఆమెకివ్వండి అంది. సత్యప్రసాద్ గారు ఇంకో కాగితం తీశాడు. ఎడమ చెంప మీద, ముఖం తెల్లబడే క్రీము వాడినందువల్ల ఏర్పడిన మచ్చ, అని ఇంగ్లీషులో రాసి, తెలుగులో చదివాడు. ఆమె ఇంకోసారి చదివించుకుంది. తర్వాత వేలిముద్ర వేసింది.

ఆయన చెప్పింది నిజమే, దారిపొడుగునా ఎవరూ దాన్ని చదవలేదు. సరిహద్దులో సైనికుడు ఫొటో చూశాడు, స్కార్ఫు తీయించి ముఖం చూశాడు, పొమ్మన్నాడు. బాగ్దాదులో అంతే. జోర్డాన్ ఎడారిలో గుడారాల దగ్గర అంతే. తొమ్మిదిమంది మగవాళ్లు ఆ కాగితాన్ని పట్టుకున్నారు, తొమ్మిదిమందీ చెంప చూశారు, ఒక్కరూ ఆ వరుస చూడలేదు. విమానంలో దాన్ని నాచేత రెండుసార్లు చదివించుకుంది. కనీసం ఒక్కడైనా చదివితే ఏం పోయింది అని నేను లోపల ఉడికిపోయాను.

బొంబాయిలో దిగాక విమానాశ్రయంలో గుమాస్తాలు ఆ కాగితాలు తిరిగి తీసుకుంటున్నారు. ఇక దాంతో పని లేదు. కళ్లజోడు పెట్టుకున్న పెద్దాయన ఒకరు, మధ్యతరగతి మనిషి, అందరివీ తీసుకుని గుట్టగా వేస్తున్నాడు. రెడ్డెమ్మ ఇచ్చేముందు, ఒకసారి చదివి తీసుకోండి సార్ అని తనకి వచ్చిన హిందీలో అడిగింది. ఏ కళనున్నాడో, ఆయన చదివాడు. గుర్తింపు మచ్చల దగ్గర ఆగి, కళ్లజోడు సర్దుకుని ఇంకోసారి చదివాడు. తలెత్తి ఆమె చెంపని చాలాసేపు చూశాడు.  ఇన్ని దేశాలు దాటాక, ఒక్కడికి అర్థమైంది అనుకున్నాను.

ఆయన అటూ ఇటూ చూసి, ముందుకి వంగి, గొంతు తగ్గించి నన్ను హిందీలో అడిగాడు. మచ్చ సంగతి సరే, మొదట్లో కొంచెమైనా తెల్లబడిందా అని. తన చిన్నకూతురికి సంబంధాలు చూస్తున్నారని, ఆ పిల్ల కూడా ఏదో రాసుకుంటోందని చెప్పాడు.

 ఏమంటున్నాడక్కా అని రెడ్డెమ్మ అడిగితే, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె స్కార్ఫు పూర్తిగా తీసి భుజాన వేసుకుంది. ఆమెని దింపి మేం మా ఊరు పోదామనుకున్నాం, ఆ సాయంత్రమే కడప వైపు వెళ్లే రైలుకి ముగ్గురికీ సీట్లు ఇచ్చారు, గంటన్నర టైముంది. ఐదేళ్లుగా చూడని పిల్లలు ఆ దారి చివర ఉన్నారు.

"ఆ పాపను ఇట్ల పిల్చుకొని రమ్మని చెప్పక్కా. నా మొగం చూపించి పోతా. రైలు రేపన్నా దొరుకుతాది" అంది.

నేను చెప్పాను. ఆయన విననట్టు కాగితాన్ని గుట్ట మీద వేసి, వెనకవాళ్లవి తీసుకోవడం మొదలుపెట్టాడు. రెడ్డెమ్మ పక్కకి జరిగి అక్కడే నుంచుంది. ఆయన పిలుస్తాడేమోనని చూస్తూ, మా ఆయనా నేనూ చెరో చెయ్యీ పట్టుకుని తీసుకెళ్లేదాకా, అలాగే నుంచుంది.